కరెంటు బ్రష్షు అందరికీ అక్కర్లేదు, కాడ పారెయ్యడం మాత్రం అందరం మానాలి



ఈసారి ఎరువుల గురించి కాదు, ధాన్యం కొనుగోలు గురించీ కాదు. పళ్ళు తోముకునే బ్రష్షు గురించి. నవ్వుకోకండి. చివరిదాకా చదివితే ఇది మన కాలవ సంగతి, మన చేను సంగతి, మన జేబు సంగతి అని మీకే తెలుస్తుంది.

ఈమధ్య రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళకి గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన పిల్లలు అమ్మానాన్నలకి కరెంటు బ్రష్షులు పట్టుకొస్తున్నారు. ఫోను తెరిస్తే వాటి ప్రకటనలే. "పర్యావరణానికి మంచిది" అని ఒకడు, "ఎకో ఫ్రెండ్లీ" అని ఒకడు, "వెదురు తల" అని ఇంకొకడు. మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, కొనమంటావా వద్దంటావా అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చేతులు బాగా పనిచేసేవాడికి కరెంటు బ్రష్షు అక్కర్లేదు. చెయ్యి సరిగ్గా తిరగని పెద్దవాళ్ళకి అది నిజంగా ఉపకారం, ఖర్చయినా కొనాలి. ఏ బ్రష్షు వాడినా సరే, కాడ దాచుకుని తల ఒక్కటే మార్చుకునే పద్ధతికి మనం మారాలి. ఎందుకంటారా, వినండి.

నాగలి కర్రు అరిగితే ఏం చేస్తాం? కర్రు మార్చుకుంటాం, నాగలి పారెయ్యం. పార కామ విరిగితే కొత్త కామ వేసుకుంటాం. రోటావేటర్ బ్లేడులు అరిగితే బ్లేడులు మార్పిస్తాం గానీ రోటావేటర్ని కాలవలో తొయ్యం కదా. బ్రష్షు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి ఆ బుద్ధి పనిచెయ్యదు. అరిగేది కుచ్చు. చిటికెడంత ఉంటుంది అది. దానికోసం జానెడు కాడ పారేస్తాం. ఆ కాడకి ఏమీ కాలేదు, ఇంకో పదేళ్ళు అలాగే ఉంటుంది. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

లెక్క చూడండి. డాక్టర్లు మూడు నాలుగు నెలలకోసారి బ్రష్షు మార్చమంటారు. మూడు నెలలకోసారి అనుకుంటే నలుగురున్న ఇంటికి ఏడాదికి 16 బ్రష్షులు. వెయ్యి గడపలున్న ఊరికి 16 వేలు. మనం అంత తొందరగా మార్చం అన్నది నిజమే. కుచ్చు పువ్వులా విచ్చుకునేదాకా వాడతాం. ఆ తరవాత దానితో స్ప్రేయరు నాజిల్ శుభ్రం చేస్తాం, మోటారు సైకిల్ చైను తోముతాం, జుట్టుకి రంగేసుకుంటాం, ఆఖరికి లంగా బొందు ఎక్కించడానికి కూడా ఆడవాళ్ళు ఆ కాడే వాడతారు. ఆ విషయంలో మనల్ని మించినవాళ్ళు లేరు. కానీ ఎన్ని అవతారాలెత్తినా చివరికి అది చేరేది మూడు చోట్లకే: పెంటకుప్ప, పొయ్యి మంట, కాలవ.

పెంటకుప్పలో వేస్తే వేసవిలో పెంట తోలినప్పుడు చేలోకి వస్తుంది. దమ్ము చేసిన చేలో వట్టి కాళ్ళతో నాట్లు వేసే ఆడవాళ్ళకి విరిగిన ప్లాస్టిక్కు ముక్క దిగితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొబ్బరి మట్టలతో పాటు కాల్చేస్తే ఆ పొగ పీల్చేది మనమూ మన పిల్లలూ. కాలవలో వేస్తే ఇక చెప్పేదేముంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఒకసారి గట్టు మీద నడిచి చూడండి. అడుగున ఇసక కనపడదు, సంచులూ సీసాలూ చెప్పులూ బ్రష్షులే కనపడతాయి. మళ్ళీ నీళ్ళు వదిలితే అదంతా కొట్టుకెళ్ళి తూము దగ్గర ఆగుతుంది. పైనున్నవాడికి ఏమీ కాదు, శివారు రైతుకి నీరందదు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు ధరల బాధ ఒక్కటే కాదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్న బాధా ఉంది. ఆ పూడికకి గుర్రపుడెక్కే కారణమనీ బ్రష్షులే కారణమనీ నేను అనను. కానీ మన వంతు చెత్త మనం వెయ్యకుండా ఉండగలం కదండీ.

అసలు మనకి ఈ ప్లాస్టిక్కు కాడ వచ్చి ఎంతకాలమైంది? నైలాన్ కుచ్చుతో బ్రష్షు అమెరికాలో మొదట అమ్మకానికి వచ్చింది 1938లో. అంతకుముందు అక్కడ పంది వెంట్రుకలతో చేసేవారు. మన ఊళ్ళలో మా నాన్నల తరం దాకా పందుంపుల్లే. వేప, కానుగ, ఉత్తరేణి. లేదంటే కచ్చిక, బొగ్గు, ఉప్పు. నాలుక గీసుకోవడానికి కొబ్బరి ఈనె రెండుగా చీల్చి వాడేవారు. మిగిలేది ఏదైనా చివరికి మట్టిలో కలిసిపోయేది. చెత్త అన్న మాటే లేదు.

అలాగని అందరం వేపపుల్లకి వెళ్ళిపోదాం అని నేను చెప్పను. వేపపుల్ల మంచిదే. నమిలితే చిగుళ్ళకి పని తగులుతుంది, చేదు నోటికి మంచిది. కానీ వెనక దవడ పళ్ళ లోపలి వైపుకి పుల్ల సరిగ్గా అందదు. గట్టిగా రుద్దితే చిగురు గీసుకుపోతుంది. బొగ్గూ ఇటికపొడీ కచ్చికా గరుకు. రోజూ రుద్దితే పంటి మీద పింగాణీ పొర అరిగి, చల్లనీళ్ళు తాగినా జివ్వుమంటుంది. పైగా 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మలు ఎండిపోయి ఎలా మాడిపోయాయో చూశాం. ఊరందరూ రోజుకో పుల్ల విరిస్తే ఉన్న చెట్లు కూడా బోడిగా మిగులుతాయి. మన దొడ్లో చెట్టుంటే వారానికి రెండు మూడుసార్లు పుల్ల, మిగతా రోజుల్లో బ్రష్షు. నేను చేసేది అదే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పొగాకు కలిపిన పళ్ళపొడి జోలికి పోవద్దు. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే కేంద్రం నిషేధించింది. అయినా పొగాకు మసి చేసి పళ్ళకి రుద్దుకునే అలవాటు పెద్దవాళ్ళలో అక్కడక్కడ ఉంది. పంటి నొప్పి తగ్గినట్టే ఉంటుంది, నోటి క్యాన్సర్ దగ్గరవుతుంది. పాత అలవాట్లన్నీ మంచివే అనుకోవడం కూడా తప్పే.

ఇప్పుడు కరెంటు బ్రష్షు సంగతి. ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. 1954లో స్విట్జర్లాండులో ఒక డాక్టరు తయారుచేశాడు. చేతులు సరిగ్గా కదపలేనివాళ్ళ కోసమే మొదట్లో దాన్ని ముఖ్యంగా తలపెట్టారు. ఆ సంగతి ఇప్పటి ప్రకటనల్లో ఎవరూ చెప్పరు.

బాగా తోముతుందా అంటే, తోముతుంది. కోక్రేన్ అని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే సంస్థ ఉంది. వాళ్ళు 2014లో 56 పరీక్షలని కలిపి చూశారు. మామూలు బ్రష్షు కంటే కరెంటు బ్రష్షు వాడినవాళ్ళకి పంటి మీద పాచి మూడు నెలల లోపు 11 శాతం, మూడు నెలలు దాటాక 21 శాతం తగ్గింది. చిగుళ్ళ వాపు కూడా కొంత తగ్గింది. కాబట్టి అది వట్టి షోకు అని కొట్టిపారెయ్యడానికి లేదు.

మరి పర్యావరణానికి మంచిదా? ఇక్కడే పేచీ. 2020లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఒక మనిషి అయిదేళ్ళు వాడితే ఏ బ్రష్షు వల్ల భూమికి ఎంత భారం అని, తయారీ నుంచి పారేసేదాకా లెక్కగట్టారు. నాలుగు రకాలు చూశారు: కరెంటు బ్రష్షు, మామూలు ప్లాస్టిక్కు బ్రష్షు, తల మార్చుకునే ప్లాస్టిక్కు బ్రష్షు, వెదురు బ్రష్షు. అన్నిట్లోకీ ఎక్కువ భారం కరెంటు బ్రష్షుదే. వాతావరణం వేడెక్కించే లెక్కలో వెదురు బ్రష్షు కంటే 11 రెట్లు. తక్కువ భారం దేనివల్ల అంటే వెదురు బ్రష్షూ, తల మార్చుకునే ప్లాస్టిక్కు బ్రష్షూ. చూశారా, ప్లాస్టిక్కే అయినా కాడ దాచుకుంటే వెదురుతో సమానంగా నిలబడింది. మన నాగలి కర్రు లెక్కే అది.

మరి "ఎకో ఫ్రెండ్లీ కరెంటు బ్రష్షు" అని ఎలా రాస్తారు? అట్ట డబ్బాలో పెట్టి అమ్మితే ఎకో ఫ్రెండ్లీ, తల మీద కాస్త వెదురు అంటిస్తే ఎకో ఫ్రెండ్లీ. లోపల మోటారు, బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు మామూలే. ఇలాంటి మాటలకి రుజువు చూపించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. విత్తనాల సంచి మీద రాసిందల్లా నమ్మి నాటెయ్యం కదా, ఇదీ అంతే. అడిగి తెలుసుకోవాలి.

అయినా నేను కరెంటు బ్రష్షుని పూర్తిగా వద్దనను. మా అమ్మకి పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి సత్తువ తగ్గింది. మామూలు బ్రష్షు పట్టుకుంటే ముందు నాలుగు పళ్ళే తోముకునేది. కరెంటు బ్రష్షు కాడ లావుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. ఆడించక్కర్లేదు, పంటి మీద ఆనించి జరుపుకుంటే చాలు. వేళ్ళు వంకర్లు పోయే కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి, చేతులు వణికేవాళ్ళకి, మంచంలో ఉండి ఎవరో ఒకరు తోమిపెట్టాల్సినవాళ్ళకి ఇది ఎంతో మేలు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే భూమికి భారం అని వెనకాడొద్దు. పళ్ళు పాడైతే ముద్ద నమల్లేరు, ముద్ద దిగకపోతే ఒంట్లో సత్తువ పోతుంది. రూట్ కెనాల్ చేయించాలంటే వేలల్లో ఖర్చు. ఆ మనిషి ముందు, బ్రష్షు తరవాత.

మరి పాతికేళ్ళ కుర్రాడికీ, గునపం పట్టి కొబ్బరికాయ ఒలిచే మనకీ దేనికి? బ్యాటరీ స్ప్రేయరు సంగతి గుర్తుచేసుకోండి. మొదటి ఏడాది బ్రహ్మాండం. రెండు మూడేళ్ళకి ఛార్జింగు నిలవదు. స్ప్రేయరుకైతే బ్యాటరీ మార్చుకోవచ్చు. కరెంటు బ్రష్షుకి తడి లోపలికి పోకుండా సీలు వేస్తారు కాబట్టి చాలావాటికి బ్యాటరీ మార్చడం కుదరదు. అది పోతే మొత్తం పోయినట్టే. డబ్బు లెక్క కూడా ఉదాహరణకి చూడండి. 30 రూపాయల మామూలు బ్రష్షు ఏడాదికి నాలుగు అంటే 120, అయిదేళ్ళకి 600. కరెంటు బ్రష్షు 2 వేలు, తల ఒక్కోటి 150 చొప్పున ఏడాదికి 600 అనుకుంటే అయిదేళ్ళకి మొత్తం 5 వేలు. దాళ్వాకి ఎకరం మందుల ఖర్చు కళ్ళముందు కనపడటం లేదూ?

మామూలు బ్రష్షుతో కూడా పద్ధతిగా తోమితే చాలు. మెత్తని కుచ్చు తీసుకోవాలి. చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపాలి. బిందె తోమినట్టు అడ్డంగా రుద్దకూడదు. పొద్దునా, రాత్రి పడుకునే ముందూ రెండేసి నిమిషాలు. మనవాళ్ళు చాలామంది రాత్రి తోమరు. కొత్త బ్రష్షు కొనేకంటే ఆ అలవాటు చేసుకోవడం వల్లే ఎక్కువ లాభం.

అప్పటికీ కరెంటుదే కొనాలనుకుంటే దుకాణంలో ఈ నాలుగు అడగండి.

1. తల విడిగా దొరుకుతుందా? ఎంత? రేపు మోడలు మారినా దొరుకుతుందా? తల దొరక్కపోతే అది కొనొద్దు.

2. పెన్సిల్ బ్యాటరీలు వేసే చవకరకమా, ఛార్జింగుదా? చవకరకంలో నెలనెలా బ్యాటరీలు పారెయ్యడమే పని.

3. వారంటీ ఎన్నేళ్ళు? రామచంద్రపురంలోనో కాకినాడలోనో రిపేరు చేసేవాళ్ళున్నారా?

4. పాడైతే వెనక్కి ఎవరు తీసుకుంటారు? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం పాత సరుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. అడగడం మన హక్కు.

పాడైన కరెంటు బ్రష్షుని మాత్రం చెత్తతో కాల్చకండి. అందులో ఉండే లిథియం బ్యాటరీ మంటల్లో పేలుతుంది.

వెదురు బ్రష్షు గురించి కూడా రెండు మాటలు. కాడ వెదురే గానీ కుచ్చు ఎక్కువగా నైలానే. పారేసే ముందు పట్కారుతో కుచ్చు పీకేసి కాడ ఒక్కటే ఎరువు గుంటలో వెయ్యాలి. కుచ్చుని పట్టి ఉంచే చిన్న రేకుముక్కలు కూడా ఊడతాయి, పిల్లలు తొక్కకుండా చూడండి. మన కోనసీమ తేమకి, అందులోనూ వానాకాలం, వెదురు కాడ నల్లబడి బూజు పడుతుంది. తోముకున్నాక దులిపి, గాలి తగిలేచోట నిలబెట్టాలి. స్నానాల గదిలో నీళ్ళు నిలిచే డబ్బాలో పెడితే నెలకే పాడవుతుంది.

బ్రష్షు ఒక్కటే కాదు, పేస్టు కూడా చెత్తే. ప్రకటనలో కుచ్చు పొడుగునా పాములా వేస్తారు. అది వాళ్ళ అమ్మకం కోసం. పెద్దవాళ్ళకి బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యం గింజంత. ఇలా వాడితే రెండు ట్యూబుల చోట ఒకటి సరిపోతుంది. మామూలు ట్యూబులో ప్లాస్టిక్కు పొరల మధ్య అల్యూమినియం పొర ఉంటుంది, అది పాత సామాన్ల వాడికి కూడా పనికిరాదు. ఒకే రకం ప్లాస్టిక్కుతో చేసిన ట్యూబులు ఇప్పుడు వస్తున్నాయి, దొరికితే అవి తీసుకోండి. నాలుకకి ప్లాస్టిక్కు బద్ద ఎందుకు, స్టీలుదో రాగిదో ఒక్కటి కొంటే తరమంతా వస్తుంది. కొబ్బరి ఈనె ఎలాగూ మన పెరట్లోనే ఉంది. పుక్కిలించడానికి రంగునీళ్ళ సీసాలు కాకుండా గోరువెచ్చని ఉప్పునీళ్ళు వాడుకోవచ్చు. పిప్పి పన్నుంటే మాత్రం ఇవేవీ వైద్యం కావు. అమలాపురంలోనూ రాజమండ్రి దగ్గరా డెంటల్ కాలేజీలున్నాయి, అలాంటి చోట్ల ఫీజు మామూలుగా తక్కువే ఉంటుంది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఏడాదికోసారి చూపించుకోండి.

ప్లాస్టిక్కు నిషేధం ఉంది కదా, ప్రభుత్వమే చూసుకుంటుందిలే అని ఎవరైనా అనొచ్చు. 2022 జులై 1న నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్కు పుల్ల ఉన్న చెవి బడ్సు ఉంది, ప్లాస్టిక్కు స్ట్రా ఉంది. బ్రష్షు లేదు. చట్టం వచ్చేదాకా ఆగితే మన కాలవ ఆగదు.

అందుకని మన ఊళ్ళలో చెయ్యగలిగేవి రెండు చెప్తా.

మొదటిది, తల మార్చుకునే మామూలు బ్రష్షులు మన దుకాణాల్లో కనపడవు. ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతాయి గానీ ఒక్కరికి తెప్పిస్తే పార్శిలు ఖర్చే ఎక్కువ. విత్తనాలూ మందులూ పదిమంది కలిసి తెప్పించుకున్నట్టే ఇవి కూడా ఇరవై ఇళ్ళు కలిసి తెప్పించుకుందాం. ఇరవై ఇళ్ళవాళ్ళు అడుగుతున్నారని తెలిస్తే కిరాణా షావుకారే రేపు తెచ్చి పెడతాడు. అడిగేవాడు ఉంటేనే సరుకు వస్తుందండి.

రెండోది, రైతు సేవా కేంద్రం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఒక పెట్టె పెట్టమని అడుగుదాం. పాత బ్యాటరీలు, టార్చిలైట్లు, స్ప్రేయరు బ్యాటరీలు, ఛార్జర్లు, ఈ బ్రష్షులు అందులో వెయ్యాలి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఎలాగూ జరుగుతోంది. ఆ రోజు చీపురు పట్టి ఫోటో దిగడంతో సరిపెట్టకుండా ఆ పెట్టె ఖాళీ చేయించి సరైన చోటుకి పంపిస్తే పని జరిగినట్టు. పంచాయతీకి అర్జీ నేను రాస్తా, సంతకాలు మీరు పెట్టండి.

2027లో గోదావరి పుష్కరాలు. కోటిపల్లి రేవుకి, ద్రాక్షారామానికి జనం వేలల్లో వస్తారు. రేవులో పళ్ళు తోముకుని బ్రష్షూ పేస్టు ట్యూబూ మెట్ల మీద వదిలేసి మునిగి వెళ్ళిపోయేవాళ్ళు తక్కువేమీ ఉండరు. వాళ్ళకి వద్దని చెప్పాలంటే ముందు మన కాలవ రేవులు శుభ్రంగా ఉండాలి. దానికి ఇంకా టైముంది.

కాబట్టి పెద్దవాళ్ళకి అవసరమైతే కరెంటు బ్రష్షు కొనండి, తలలు దొరికేదే కొనండి. చేతులు బాగున్నవాళ్ళు చేత్తోనే తోముకోండి. కాడ దాచుకోండి, తల మార్చుకోండి. తల మార్చే బ్రష్షులు ఎవరెవరికి ఎన్ని కావాలో ఈ ఆదివారం లోపు చెప్పండి, లెక్క రాసుకుని ఒకేసారి తెప్పిస్తా. ఉంటానండి.